సమురాయ్ యోధుల చెక్క అచ్చు చిత్రాలు: ఎవరిది కొనాలి, ఏ ప్రతి కొనాలి

జపాన్ సమురాయ్ యోధుల చెక్క అచ్చు చిత్రాన్ని సొంతం చేసుకోవాలనుకునే వారికి ఈ రోజుల్లో సరుకుకు కొదవ లేదు. వేలంశాలల జాబితాల్లో, టోక్యో, లండన్, న్యూయార్క్ పాత చిత్రాల దుకాణాల్లో, ఆన్‌లైన్ అంగళ్లలో ఇవి ఎప్పుడూ అమ్మకానికి ఉంటూనే ఉంటాయి. చిక్కంతా ఎక్కడుందంటే, 1840లలో అచ్చయిన తొలి ప్రతి, అవే దిమ్మెలు అరిగాక తీసిన మలి ప్రతి, ఇరవయ్యో శతాబ్దంలో కొత్త దిమ్మెలు చెక్కి వేసిన నకలు, నిన్నగాక మొన్న యంత్రంలో తీసిన పోస్టరు, ఈ నాలుగూ ఫోన్ తెర మీద ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. పేరూ ఒకటే, సంతకమూ ఒకటే. అందువల్ల ఎంపికలో రెండు ప్రశ్నలు కలగలిసి ఉంటాయి. ఏ చిత్రకారుడి ఏ చిత్రం అన్నది మొదటిది, ఆ చిత్రానికి ఎలాంటి ప్రతి అన్నది రెండోది. కొత్తగా కొనేవారు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంటారు. పెద్ద పేరున్న చిత్రం అరిగిపోయిన ప్రతికన్నా, అంత పేరులేని చిత్రం చక్కని ప్రతి ఇంట్లో ఉండటమే మేలన్నది నా అభిప్రాయం. కింది పోలికలన్నీ ఆ దృష్టితో చేసినవే.

ఈ చిత్రాలు తయారయ్యే తీరు తెలిస్తే ఆ మాట ఎందుకన్నానో బోధపడుతుంది. చిత్రకారుడు పలుచని కాగితం మీద సిరాతో గీసిచ్చిన బొమ్మను చెక్కే పనివాడు చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి, గీతలు మాత్రమే ఎత్తుగా మిగిలేలా చుట్టూ తొలిచేవాడు. ఆ పనిలో అసలు బొమ్మ నాశనమైపోయేది. తర్వాత రంగుకొక దిమ్మె చెక్కేవారు. పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి రంగుకొక అచ్చు ఉండటం కొత్త సంగతి కాదు. అయితే అక్కడ అచ్చును బట్ట మీద పెట్టి కొడతారు, ఇక్కడ రంగు పూసిన దిమ్మె మీద చెమ్మగిల్లిన కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన 'బరెన్' అనే గుండ్రని బిళ్లతో వెనకనుంచి రుద్దుతారు. పెట్టుబడి పెట్టేదీ, ఎన్ని రంగులు వేయాలో తేల్చేదీ ప్రచురణకర్త. సాధారణంగా ఒక విడతకు 200 కాగితాలు తీసేవారని చెబుతారు. గిరాకీ ఉంటే విడత మీద విడత సాగేది. తొలి విడతలో శ్రద్ధ, ఖర్చు రెండూ ఎక్కువ. చిత్రం ఆడుతోందని తెలిశాక ప్రచురణకర్త ఒక రంగు తగ్గించేవాడు, ఛాయలు జారే చోట మామూలు పూతతో సరిపెట్టేవాడు. ఈలోగా దిమ్మె అంచులు కూడా అరిగేవి. ఒకే దిమ్మెల నుంచి వచ్చిన రెండు కాగితాల మధ్య అంత తేడా రావడానికి కారణం ఇదే.

ముందు అది సమురాయ్ చిత్రమేనా అని చూడాలి

అమ్మేవారు సమురాయ్ అని రాసినవన్నీ సమురాయ్ చిత్రాలు కావు. ఒళ్లంతా పచ్చబొట్లతో, కండలు తిరిగి, రాక్షసులతోనూ పాములతోనూ పెనుగులాడే వీరుల చిత్రాలు ఎక్కువగా చైనా కథలోని బందిపోట్లవి. ఉతగావా కునియోషి పేరు మార్మోగిపోవడానికి కారణమైన 'సూయికోడెన్' వీరుల వరుస 1827లో మొదలైంది, అది ఆ బాపతుదే. చిత్రంగా అది గొప్పది, ధర కూడా గొప్పదే. కానీ సమురాయ్ కావాలని డబ్బు పెట్టినవారికి దక్కేది చైనా వీరుడు.

రెండో పొరపాటు కబుకి నాటక నటుల చిత్రాలతో జరుగుతుంది. కునిసదా, ఆ తర్వాత కునిచికా వేసిన వేలాది చిత్రాల్లో కవచం తొడిగి కత్తి దూసిన మనిషి యోధుడు కాదు, యోధుడి వేషం కట్టిన ఫలానా నటుడు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ముఖం మీద ఎరుపు, నీలం చారల రంగు పూత, మెల్లకన్నుతో బిగుసుకున్న భంగిమ, దుస్తుల మీద నటుడి వంశచిహ్నం ఉంటాయి. ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు కనిపిస్తే అది ఇచికావా దంజూరో వంశం గుర్తు. నాటకాన్ని ఇష్టపడేవారికి ఈ చిత్రాలు బంగారం, పైగా యోధుల చిత్రాలకన్నా చాలాసార్లు చవకగా దొరుకుతాయి. కాకపోతే ఏది కొంటున్నామో తెలిసి కొనాలి. ఇక 1894–95 నాటి చైనా యుద్ధ చిత్రాల్లో ఉన్నది తుపాకులు పట్టిన ఆధునిక సైనికులు కాబట్టి వాటిని ఈ పోలికలోంచి పూర్తిగా పక్కన పెడుతున్నాను.

అసలైన యోధుల చిత్రాలను జపనీయులు 'ముషా-ఎ' అంటారు. వాటిలో ఏ కథలు కనిపిస్తాయన్నది చిత్రకారుడి అభిరుచికన్నా ప్రభుత్వ నిషేధాల మీదే ఎక్కువగా ఆధారపడింది. అప్పట్లో జపాన్‌ను ఏలుతున్న తోకుగావా షోగన్ల (సైనికాధిపతుల) గురించి అచ్చువేయడం మీద నిషేధం ముందునుంచీ ఉంది. 1804లో దాన్ని ఇంకా బిగించి, 1573లో మొదలైన తెన్షో శకం నాటి నుంచి ఉన్న యోధుల పేర్లను, వంశచిహ్నాలను చిత్రాల్లో చూపకూడదన్నారు. ఆ ఏడాదే, తోకుగావాలకు ముందు దేశాన్ని ఏలిన తోయోతోమి హిదెయోషి కథను చిత్రించినందుకు చిత్రకారుడు ఉతమారో చేతులకు 50 రోజులపాటు సంకెళ్లు పడ్డాయి. అందుకే చిత్రకారులు మినమోతో, తైరా వంశాల మధ్య 1180–85లో జరిగిన గెన్‌పెయ్ యుద్ధానికి, 1561 నాటి కవానకజిమా పోరుకు మళ్లీ మళ్లీ వెళ్లారు. కవానకజిమాలో కెన్షిన్ అనే ప్రభువు గుర్రం మీద దూసుకొచ్చి కత్తి దించితే, అతని శత్రువు షింగెన్ కూర్చున్నచోటు నుంచే యుద్ధపు విసనకర్రతో అడ్డుకున్నాడన్న ఘట్టం అన్నన్ని చిత్రాల్లో కనిపించడానికి కథలోని రుచి ఒక కారణమైతే, అది నిషేధపు గీతకు ఇవతల ఉండటం మరో కారణం. ఆ తర్వాతి కథలు కావాలంటే పేర్లు మార్చవలసి వచ్చేది. హిదెయోషి కాస్తా హిసయోషి అయ్యేవాడు. 1868లో తోకుగావా పాలన కూలాకే ఈ దాపరికం అవసరం తీరిపోయింది. చిత్రం మీద అసలు పేరుందా, మారుపేరుందా అన్నది కాలాన్ని పసిగట్టడానికి ఒక ఆనవాలుగా పనికొస్తుంది.

కునియోషి: ఒంటి యోధుడా, మూడు కాగితాల యుద్ధమా

ముషా-ఎ అనగానే ముందు వచ్చే పేరు కునియోషిది (1798–1861). 1842లో తెన్పో సంస్కరణల పేరిట నటుల, వేశ్యల చిత్రాలను నిషేధించినప్పుడు, ప్రచురణకర్తలు పొట్ట పోసుకోవడానికి చరిత్ర వైపు, వీరగాథల వైపు తిరిగారు. ఆ పనికి అప్పటికే ఆరితేరినవాడు కునియోషి. 1843లో అతను వేసిన భూమి సాలీడు చిత్రంలో రైకో ప్రభువు మంచం పట్టి ఉండగా వెనక భూతాలు బారులు తీరాయి. జనం అందులో ప్రభుత్వం మీద ఎత్తిపొడుపు చూసి ఎగబడి కొనడంతో, ప్రచురణకర్త భయపడి మిగిలిన ప్రతులను వెనక్కి తీసుకుని దిమ్మెలు ధ్వంసం చేశాడు.

కునియోషి బలం మూడు కాగితాల చిత్రాల్లో పూర్తిగా బయటపడుతుంది. ఒక్కో ఓబన్ కాగితం సుమారు 37 సెంటీమీటర్ల ఎత్తు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మూడింటినీ పక్కపక్కన చేరిస్తే దాదాపు 75 సెంటీమీటర్ల తెర అవుతుంది. అతని ముందటివారు చాలామంది ఆ మూడింటిని మూడు బొమ్మలుగానే చూసేవారు, చేర్చినా విడదీసినా నిలబడేవి. కునియోషి మూడింటినీ ఒకే దృశ్యంగా వాడుకున్నాడు. కత్తి వీరుడు మియమోతో ముసాషి తిమింగలాన్ని చంపే చిత్రంలో తెల్లని చుక్కలున్న నల్లని తిమింగలం మూడు కాగితాలనూ ఆక్రమించి ఒంపు తిరుగుతుంది. దాని వీపు మీద కత్తి దిగవేస్తున్న ముసాషి బొటనవేలంత ఉంటాడు. దైమోత్సు తీరంలో మినమోతో సేనాని యోషిత్సునే ఓడ మీదికి చచ్చిపోయిన తైరా యోధుల దయ్యాలు నీడలుగా లేచే చిత్రానిదీ ఇలాంటి అల్లికే.

అయితే మొదటి కొనుగోలుగా మూడు కాగితాల చిత్రాన్ని నేను సూచించను. ధర ఒక్కటే కారణం కాదు. మూడు కాగితాలు మూడు చేతులు మారి మళ్లీ కలిసిన జతలు చాలా ఉంటాయి. ఒక కాగితం తొలి విడతది, రెండోది మలి విడతది అయితే తిమింగలం లాంటి ఒకే ఆకారం మీద నలుపు చిక్కదనం కాగితం కాగితానికీ మారిపోతుంది. రంగు మారినట్టు, అంచులు ఎక్కువ తక్కువగా కత్తిరించినట్టు, అలల గీత ఒక కాగితం నుంచి పక్కదానిలోకి కలవనట్టు కనిపిస్తే అది అతుకుల బొంత అన్నమాట. అలాంటి జతకు పెట్టే డబ్బుతో ఒంటి కాగితం చిత్రం మేలైన ప్రతి వస్తుంది.

ఆ ఒంటి కాగితాల్లో నా మొగ్గు 1847–48లో వచ్చిన 'సెయ్‌చూ గిషి దెన్' వరుసకు. 51 చిత్రాల ఈ వరుస నలభై ఏడుగురు రోనిన్ల, అంటే ప్రభువును కోల్పోయిన సమురాయ్‌ల, కథ చుట్టూ అల్లినది. 1701లో తమ ప్రభువు అసానో ప్రాణం పోవడానికి కారణమైన కిరా మీద, దాదాపు రెండేళ్లు కాచుకుని, మంచు రాత్రి దాడి చేసి తల తీసుకుపోయి ప్రభువు సమాధి ముందు పెట్టిన యోధుల కథ అది. నిషేధం వల్ల ఇక్కడా పేర్లు నాటకంలోని మారుపేర్లే. నాయకుడు ఓయిషి కురానొసుకే ఈ చిత్రాల్లో ఓబోషి యురానొసుకే అవుతాడు. దాదాపు ప్రతి చిత్రంలోనూ ఖాళీ నేపథ్యంలో ఒక్కడే యోధుడు, పైన అతని జీవితకథ రాసిన అక్షరాలు. శత్రువు కనపడడు. కొన్ని చిత్రాల్లో శత్రువు విసిరిన వస్తువు గాలిలో ఉంటుంది, యోధుడు దాన్ని తప్పించుకుంటూ ఉంటాడు. నలుపు తెలుపు పళ్ల అంచున్న పై అంగరఖా కదలికలోనే మిగతా యుద్ధమంతా చూసేవారు ఊహించుకోవాలి.

కొనేవారి కోణంలో ఈ వరుసకు మరో సుగుణముంది. నేపథ్యం ఖాళీగా ఉండటంవల్ల మరక, చిల్లు, అతుకు ఏదీ దాగదు. అమ్మకాల్లో తరచూ కనిపించే వరుస కావడంతో ఒకే చిత్రం ప్రతులు రెండు మూడింటిని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. దీని తర్వాత 1848–49లో హిదెయోషి కాలపు యోధులతో వచ్చిన 'తైహెయ్‌కి ఎయ్‌యూదెన్' 50 చిత్రాల వరుస మరింత ఆర్భాటంగా ఉంటుంది. కవచాల వివరం, రంగుల జోరు ఇష్టపడేవారికి అది నచ్చవచ్చు.

యోషితోషి: కత్తి ఎత్తక ముందటి క్షణం

కునియోషి దగ్గర 1850లో చిన్నపిల్లవాడిగా చేరిన త్సుకియోకా యోషితోషి (1839–1892) గురువుకు పూర్తిగా భిన్నమైన తోవ పట్టాడు. గురువు యోధుడి బలాన్ని చూపిస్తే, శిష్యుడు యోధుడి మనసును చూపించాడు. అతని చిత్రాలను రెండు భాగాలుగా విడదీసి చూడాలి.

మొదటి భాగం నెత్తురుది. 1866–67లో యోషీకుతో కలిసి వేసిన ఇరవై ఎనిమిది హత్యల వరుసలో ఎర్రరంగులో జిగురు కలిపి నెత్తురు తడిగా మెరిసేలా అచ్చువేశారు. 1868లో టోక్యోలోని ఉఎనో గుట్ట మీద పాత ప్రభుత్వ విధేయులు ఓడి చచ్చిన తర్వాత వచ్చిన 'కైదై హ్యకుసెన్‌సో' వరుసలో, పాతకాలపు యోధుల పేర్లతో అప్పటి చావులనే చిత్రించాడు. దగ్గరనుంచి చూపిన ముఖాలు, గాయాలు, కళ్లలో దిగ్భ్రమ కనిపిస్తాయి. యుద్ధాన్ని ఇంత నిజాయితీగా చూపిన ముషా-ఎ మరొకటి లేదని నేననుకుంటాను. కానీ నలుగురు కూర్చునే హాల్లో పటం కట్టించి పెట్టుకోవడానికి ఇవి పనికిరావు. పెట్టెలో దాచుకుని అప్పుడప్పుడు తీసి చూసుకునే సేకర్తలకే ఇవి తగినవి.

రెండో భాగం 1880ల నాటిది. 1883లో వచ్చిన మూడు కాగితాల చిత్రంలో ఫుజివారా నో యసుమసా రెల్లుగడ్డి మధ్య, నిండు చంద్రుడి కింద, గాలికి బట్టలు ఎగురుతుండగా పిల్లనగ్రోవి ఊదుతూ నడుస్తుంటాడు. వెనక హకమదారె అనే దొంగ కత్తి మీద చెయ్యేసి వంగి వస్తుంటాడు. దాడి జరగదు. ఆ సంగీతం దొంగ చేతిని ఆపేసింది. కునియోషి అయితే ఇదే కథలో కత్తి దూసిన ఘట్టాన్ని వెతికేవాడేమో. 1885 నుంచి 1892 వరకు వచ్చిన 'త్సుకి హ్యకుషి' వంద చంద్రుల వరుసలోనూ అదే పద్ధతి నడుస్తుంది. యువకుడైన హిదెయోషి ఇనాబా కొండ చరియ ఎక్కే చిత్రం అందుకు మంచి ఉదాహరణ. అయితే ఈ వందలోనూ యోధులు కొందరే, మిగిలినవారు కవులు, వేశ్యలు, సన్యాసులు, దయ్యాలు, చైనా పురాణ పాత్రలు. యోధులే కావాలంటే 1883–86 మధ్య 33 చిత్రాలుగా వచ్చిన 'యోషితోషి ముషాబురుయ్' వరుసలో వెతకడం మంచిది.

యోషితోషి చిత్రాల్లో ప్రతుల మధ్య తేడా కునియోషి చిత్రాలకన్నా ఎక్కువగా దెబ్బ తీస్తుంది. వంద చంద్రుల వరుస తొలి ప్రతుల్లో పేరు రాసిన పట్టీలో రంగులు ఒకదానిలోకి ఒకటి జారతాయి, తెల్లని బట్టల మీద రంగు లేకుండా ఉబ్బెత్తుగా అచ్చయిన నేత నమూనా ఉంటుంది, ఆకాశంలో చీకటి మెల్లగా పలచబడుతుంది. మలి ప్రతుల్లో ఇవన్నీ చదునైపోతాయి. నిశ్శబ్దమే ప్రాణంగా ఉన్న చిత్రంలో ఆ సన్నని ఛాయలు పోతే మిగిలేది బొమ్మ ఒక్కటే. మంచి తొలి ప్రతుల ధర వెయ్యి డాలర్లు దాటడం మామూలే. అంత పెట్టలేనివారు ఈ వరుసలో చవక ప్రతికి ఆశపడేకన్నా వేరే చిత్రకారుడి వైపు చూడటం మంచిది.

ధర తక్కువ, విలువ తక్కువ కాదు

కునియోషి ఇతర శిష్యులు యోషితోరా, యోషికజు, యోషిత్సుయా వేసిన యుద్ధ చిత్రాలు గురువు చిత్రాల ధరలో కొంత భాగానికే దొరుకుతాయి. గుర్రాలు, జెండాలు, కోటలు కిక్కిరిసిన యోషికజు మూడు కాగితాల చిత్రాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, గురువు ఊహ వీళ్లకు లేదు. గోడ మీద రంగు, సందడి కావాలంటే చాలు.

వీళ్లందరికన్నా నాకు ఆసక్తి కలిగించేవాడు తోయోహారా చికనోబు (1838–1912). అతను స్వయంగా సమురాయ్ కుటుంబంవాడు. 1868లో షోగన్ పక్షాన నిలిచిన షోగితాయ్ దళంలో చేరి ఉఎనోలో పోరాడాడు, తర్వాత ఉత్తరాన హకొదాతె దాకా వెళ్లి ఓడిపోయి లొంగాడు. అదే ఉఎనోను యోషితోషి బయటివాడిగా చిత్రిస్తే, చికనోబు దాన్ని లోపలినుంచి బతికాడు. అతను 1897లో వేసిన 'చియోదా నో ఒన్-ఒమొటె' మూడు కాగితాల వరుసలో షోగన్ కోటలోని వేడుకలు, ఊరేగింపులు, విలువిద్య ప్రదర్శనలు కనిపిస్తాయి. రెండు శతాబ్దాలకు పైగా యుద్ధం లేని కాలంలో సమురాయ్ జీవితం నిజంగా ఎలా గడిచిందో తెలుసుకోవాలనుకునే వారికి దీనికి మించిన వరుస లేదు. కొన్ని వందల డాలర్లలోనే చక్కని ప్రతులు దొరుకుతున్నాయి. కుంచె గీతలాంటి మెత్తదనం ఇష్టమైతే ఒగాతా గెక్కో వేసిన నలభై ఏడుగురు రోనిన్ల వరుస కూడా చూడదగ్గది.

1860ల నుంచి యూరప్ రసాయన రంగులు రావడంతో ఈ మెయిజీ కాలపు (1868–1912) చిత్రాల్లో ఎరుపు, ఊదా రంగులు కళ్లు జిగేలుమనేలా ఉంటాయి. కొందరు సేకర్తలు వాటిని గొంతు చించుకునే రంగులని తీసిపారేస్తారు. నేను వారితో ఏకీభవించను. చికనోబు రంగును అదుపులో పెట్టిన చోట ఆ ఎరుపు చిత్రానికి బలమే ఇచ్చింది.

ప్రతిని దగ్గరగా చూడటం

ఒకే కునియోషి యోధుడి ప్రతులు రెండు పక్కన పెట్టుకుని పదింతలు పెద్దవి చేసే భూతద్దంతో చూడాలి. మొదట చూడవలసింది కణత దగ్గర జుట్టు మొదలయ్యే చోటు. తొలి ప్రతిలో అక్కడ ఒక్కో వెంట్రుక విడివిడిగా, సూదిమొనలా సన్నబడి చర్మంలో కలుస్తుంది. దిమ్మె అరిగిన ప్రతిలో అవే వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని నల్లని ముద్ద అవుతాయి. తర్వాత చిత్రం పేరున్న పట్టీ చుట్టూ గీత ఎక్కడైనా విరిగిందేమో చూడాలి. చిత్రం అంచు గీతలు తొందరగా దెబ్బతినేవి కాబట్టి అక్కడి విరుపులు ప్రతి వయసును చెప్పేస్తాయి. ఆ పైన రంగు గీతకు సరిగ్గా ఆనిందా, పక్కకు జరిగిందా అన్నది చూస్తే అచ్చు వేసినవాడి శ్రద్ధ తెలుస్తుంది.

కాలాన్ని నిర్ధారించడానికి, అచ్చుకు అనుమతి ఇచ్చే తనిఖీదారుల ముద్రలంత మేలైన ఆధారం మరొకటి లేదు. 1791 నుంచి 1842 వరకు 'కివామె' అనే చిన్న గుండ్రని ముద్ర ఉంటుంది. 1843 నుంచి 1847 వరకు తనిఖీ అధికారి ఒక్కరి పేరు, 1847 నుంచి 1852 వరకు ఇద్దరి పేర్లు పక్కపక్కన ఉంటాయి. 1852లో ఈ రెంటికీ తేదీ ముద్ర తోడైంది. 1853 చివరి నుంచి 'అరతమె' ముద్ర, తేదీ ముద్ర కలిసి వచ్చాయి. 1859 నుంచి అవి రెండూ ఒకే గుండ్రంలో ఇమిడిపోయాయి. 1876 తర్వాత చిత్రం పక్క అంచులో తేదీ, ప్రచురణకర్త పేరు, చిరునామా అచ్చయ్యాయి. పై లెక్క ప్రకారం కునియోషి నలభై ఏడుగురు రోనిన్ల చిత్రం మీద రెండు పేర్లు ఉండాలి. ఒక్క సంగతి మరవకూడదు. ఈ ముద్ర చెప్పేది దిమ్మె చెక్కిన కాలాన్ని మాత్రమే. అదే దిమ్మె నుంచి కొన్నేళ్ల తర్వాత తీసిన ప్రతిలోనూ ఆ ముద్రే ఉంటుంది.

రంగు వెలిసిపోవడం మరో విషయం. కుసుమపువ్వుల నుంచి తీసిన గులాబీ ఎరుపు, దానితో కలిపి చేసిన ఊదా వెలుతురుకు త్వరగా పోతాయి. 1830 ప్రాంతం నుంచి బాగా వాడుకలోకి వచ్చిన ప్రష్యన్ నీలం మాత్రం నిలుస్తుంది. చిత్రంలో నీలం ఒక్కటే మెరుస్తూ మిగతాదంతా గోధుమరంగులోకి తిరిగి ఉంటే, అది చాలాకాలం గోడకు వేలాడిందని అర్థం. పురుగు చిల్లులు, మధ్యలో మడత, వెనక మరో కాగితం అతికించి ఉండటం పాత చిత్రాల్లో మామూలే, ధర తగ్గితే వాటితో సర్దుకోవచ్చు. వెలిసిన రంగుతోనూ, చిత్రం లోపలిదాకా కత్తిరించిన అంచులతోనూ నేను సర్దుకోను.

నకళ్లను తీసిపారేయనక్కర్లేదు

పాత దిమ్మెలు లేనిచోట కొత్త దిమ్మెలు చెక్కి, పాత పద్ధతిలోనే కోజో అనే చెట్టు నారతో చేసిన కాగితం మీద చేత్తో అచ్చువేసే నకళ్లు ఉన్నాయి. టోక్యోలోని అదాచి సంస్థ లాంటివి నేటికీ ఈ పని చేస్తున్నాయి. రంగులు 1840లలో కొన్నవాడు చూసినట్టుగా తాజాగా ఉంటాయి, వెలుతురులో పెట్టినా గుండె గుబగుబలాడదు. ఎండ తగిలే గోడ మీద చిత్రం ఉండి తీరాలంటే, పాతదాన్ని చంపుకోవడంకన్నా ఇలాంటి నకలు కొనడమే తెలివైన పని. ఇలాంటి వాటికి సాధారణంగా అంచులో సంస్థ ముద్ర ఉంటుంది. ఆ అంచు కత్తిరించేసి పాతదని అమ్మేవారు ఉన్నారు కాబట్టి, అంచుల్లేని చిత్రం, మచ్చలేని తెల్లని కాగితం, తాజా రంగులు మూడూ ఒకేచోట కలిస్తే అనుమానించాలి.

యంత్రంలో తీసిన ప్రతిని కనిపెట్టడం తేలిక. భూతద్దం కింద రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. చేత్తో అచ్చువేసినదానికి రంగు కాగితంలోకి ఇంకి వెనకవైపు కనిపిస్తుంది, బరెన్ రుద్దిన గుండ్రని జాడలు కూడా ఉంటాయి. అందుకే అమ్మేవారిని వెనకవైపు ఫొటో తప్పకుండా అడగాలి. ఇవ్వనంటే బేరం అక్కడితో ఆపేయడం మంచిది. కొనే ముందు అదే చిత్రం బోస్టన్ లలితకళల మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం ఆన్‌లైన్ సేకరణల్లో ఉందేమో వెతికి, ఆ ప్రతిలోని రంగులను, అంచు గీతలను మన ముందున్న ఫొటోతో పోల్చుకోవడానికి గంట పట్టినా ఆ గంట వృథా కాదు.

కొన్నాక, తెలుగు నేల మీద

విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి తీర పట్టణాల్లో తేమ, కాగితం తినే పురుగులు ఈ చిత్రాలకు ప్రధాన శత్రువులు. వానాకాలంలో చెమ్మ దిగే బయటి గోడకు పటం తగిలించకూడదు. మామూలు పటాల దుకాణంలో అట్ట మీద జిగురుతో అతికించి, పైన అద్దం ఆనించి బిగించేస్తారు. ఆ జిగురు మళ్లీ ఊడదు, అట్టలోని ఆమ్లం కొన్నేళ్లలో కాగితాన్ని గోధుమరంగు చేస్తుంది. ఆమ్లం లేని అట్ట కావాలనీ, జపాన్ కాగితపు ముక్కలు, గోధుమ పిండి జిగురుతో పైఅంచు దగ్గర మాత్రమే నిలబెట్టాలనీ, అద్దానికీ చిత్రానికీ మధ్య ఖాళీ ఉండాలనీ ముందే చెప్పి చేయించుకోవాలి. మ్యూజియాలు ఇలాంటి చిత్రాలను సుమారు 50 లక్స్ మసక వెలుతురులో, అదీ కొన్ని నెలలే ఉంచి మళ్లీ చీకట్లో పెడతాయి. ఇంట్లోనూ రెండు మూడు చిత్రాలను వంతులవారీగా మార్చుకోవచ్చు.

విదేశం నుంచి తెప్పించేటప్పుడు చిత్రం ఏ కాలానిదో, చేతి అచ్చో కాదో స్పష్టంగా రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి. కస్టమ్స్‌లో పాత చిత్రానికి, అలంకరణ పోస్టరుకు లెక్క వేరు కాబట్టి, సుంకం ఎంత పడుతుందో కొరియర్ సంస్థనుగానీ కస్టమ్స్ ఏజెంటునుగానీ ముందే అడగడం మంచిది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో కొన్న పాత చిత్రాన్ని హైదరాబాదు ఇంటికి తెచ్చి, తర్వాత మళ్లీ వెంట తీసుకెళ్లాలనుకునే ప్రవాస తెలుగువారు మరికాస్త ఆలోచించాలి. నూరేళ్లు దాటిన కళావస్తువులు దేశం దాటడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం కట్టడి చేస్తుంది. కొన్న బిల్లు, దేశంలోకి తెచ్చిననాటి కస్టమ్స్ కాగితాలు భద్రంగా ఉంచుకుని, తిరిగి తీసుకెళ్లే ముందు భారత పురావస్తు శాఖ వారిని సంప్రదించాలి. అటూ ఇటూ తిరిగే కుటుంబమైతే పాత ప్రతిని విదేశంలోని ఇంట్లోనే ఉంచి, ఇక్కడి గోడకు చేతి అచ్చు నకలు తెచ్చుకోవడం మంచిది.